మారు వడ్డన

ఫణీంద్రకి ఆరేళ్ళున్నప్పుడు తల్లి పోయింది. తండ్రి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. పొద్దున్న సైరన్‌కి వెళ్ళి సాయంత్రం సైరన్‌కి వచ్చే మనిషి. అందుకని పిల్లాణ్ణి పెంచింది అక్క అప్పలనర్సమ్మే. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. కర్మకాండ అయ్యి చుట్టాలంతా శ్రీకాకుళం బండెక్కి వెళ్ళిపోయాక, గోడవార మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న తమ్ముడి దగ్గరకొచ్చి ఆమె అడిగింది ఒకటే మాట. "ఆకలేస్తందేట్రా?"

తరవాత ఆమెకి పెళ్ళయింది. పిల్లలు పుట్టలేదు. పదేళ్ళకి భర్త పోయాడు. ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచాలో, తండ్రిని పెట్టుకుని ఉండడానికి తమ్ముడు కట్టుకున్న చిన్న ఇంటికే తిరిగొచ్చేసింది. ఫణీంద్ర అప్పటికి వీల్ షాపులో ఫిట్టరు. ఆ మరుసటేడు స్వాతిని చేసుకున్నాడు. వంట మెల్లగా స్వాతి చేతికి వచ్చిందిగాని వడ్డన మాత్రం అతను అప్పా అని పిలిచే ఆ అక్క చేతుల్లోనే ఉండిపోయింది. మొదటి వాయి అన్నం పప్పుతో, రెండో వాయి చేపల పులుసుతో, చివర్లో గరిటెడు పెరుగన్నానికి. మారు వడ్డన లేకుండా ఫణీంద్ర కంచం ముందునుంచి లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "సాలప్పా" అంటే ఆమె మొహం చిన్నబోయేది. అందుకని అతను అనడం మానేశాడు.

నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి ఫణీంద్ర నూట రెండు కిలోలు ఉన్నాడు. మెట్లెక్కితే ఆయాసం. బూట్ల లేసులు స్వాతి కట్టాలి. ఇంట్లో తిన్నది కాకుండా పది గంటలకి క్యాంటీన్లో రెండు సింగారాలు, అంటే బెంగాలీ సమోసాలు, సాయంత్రం గేటు బయట దుంపల బజ్జీలాంటి ఆలూచాప్, మరమరాలు. పక్క మిషన్ మీద పనిచేసే సుందర్ రాజు, ఇతనూ కలిసే తినేవారు. "కష్టపడే ఒళ్ళురా, తిన్నది కరిగిపోతాదిలే" అనేవాడు సుందర్ రాజు. స్వాతి చెప్పి చూసింది. నూనె తగ్గిద్దామంది, రాత్రికి రొట్టె చేస్తానంది. ఎవరూ వినిపించుకోలేదు.

అలాంటి రోజుల్లో అప్పలనర్సమ్మకి కాళ్ళు వాచడం మొదలైంది. తరవాత వాంతులు. ఎప్పటినుంచో ఉన్న బీపీ రెండు కిడ్నీలనీ తినేసిందని డాక్టర్లు తేల్చారు. వారానికి మూడుసార్లు మేదినీపూర్ వెళ్ళి డయాలసిస్. రోజుకి మూడు గ్లాసుల నీళ్ళు, అదీ మందులతో కలిపి. నాలుక పిడచ కట్టుకుపోతే ఐసు ముక్క చప్పరించి ఊరుకునేది.

కోల్‌కతాలో పెద్ద డాక్టరు, ఎవరైనా కిడ్నీ ఇస్తే మార్చవచ్చన్నాడు. ఫణీంద్ర ఇంక ఆలోచించలేదు.

"నాది తీసుకోండి" అన్నాడు.

గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలూ చేశారు. ఆ కాగితాలన్నీ ముందు పెట్టుకుని డాక్టరు చాలాసేపు చూశాడు.

"మీ కిడ్నీలు బాగానే ఉన్నాయి. మీరే బాగాలేరు" అన్నాడు. "ఈ బరువుతో, ఈ లివరుతో మిమ్మల్ని టేబుల్ ఎక్కించను. షుగరు కూడా గడపలో నిలబడి ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా నాన్నకి ఉండేదండి. కాలు తీసేశారు. అరవై రెండుకి పోయారు."

"అయితే ఒక్క కిడ్నీతో మిమ్మల్ని ఎలా పంపను? ఎనభై అయిదు లోపుకి రండి. వచ్చి, అక్కడ ఉండగలరని చూపించండి."

ఆ రోజు హౌరాలో బండెక్కిన దగ్గర్నుంచి ఖరగ్‌పూర్ వరకూ ఫణీంద్రకి ఒకటే ఆలోచన. అక్కకి పనికొచ్చే రోజు వస్తే తన పొట్టే అడ్డం వచ్చింది. ఇంటికొచ్చి విషయం చెబితే అప్పలనర్సమ్మ మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

"మంచిదయింది. నీ ఒంటి మీద కత్తి పడడం నానొల్లను" అంది.

మర్నాటినుంచి ఫణీంద్ర తిండి మానేశాడు. పొద్దున్న నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం రెండు కీరా దోసకాయలు, రాత్రి ఒక రొట్టె. అప్ప బతిమాలినా, తిట్టినా కంచం దగ్గరకి రాలేదు. పద్దెనిమిది రోజుల్లో ఏడు కిలోలు తగ్గాడు. పంతొమ్మిదో రోజు వీల్ షాపులో, లేత్ పక్కన, నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. తల అరచెయ్యి దూరంలో ఇనుప చక్రానికి తగలకుండా తప్పింది. సుందర్ రాజు ఒక్కడే ఎత్తుకుని బయటకి తెచ్చాడు. మొహాన నీళ్ళు కొట్టి, నోట్లో గ్లూకోజు పోసి, కళ్ళు తెరిచాక గట్టిగా తిట్టాడు.

"సావాలనుకుంటే సెప్పు, నాను యేరే జట్టు సూసుకుంటాను."

ఆ తరవాత నెలలో పోయిన ఏడు కిలోల్లో అయిదు తిరిగొచ్చేశాయి.

కోల్‌కతా ఆస్పత్రిలో తిండి సంగతి చూసే ఆవిడ పేరు మౌసుమీ మైతీ. సొంతూరు మేదినీపూర్ పక్కనే. పడిపోయిన సంగతి విని ఆవిడ జాలి పడలేదు.

"మీరు నెల రోజుల్లో తగ్గి రావడం నాకేం పనికొస్తుంది దాదా? ఇచ్చిన తరవాత ముప్పై ఏళ్ళు బతకాలి మీరు. ముప్పై ఏళ్ళు కీరా దోసకాయ తింటారా?"

ఆవిడ కాగితం, పెన్ను తీసింది.

"పోనీ, నిమ్మకాయ నీళ్ళకి ముందు రోజుల్లో ఏం తినేవారో చెప్పండి. దాచకుండా."

అతను చెప్పాడు. ఆవిడ రాసుకుంది. ఒక కాగితం చాలక రెండోది తీసింది. సింగారాలూ ఆలూచాప్‌లూ భోజనంలో లెక్క కాదనే అతను అప్పటిదాకా అనుకునేవాడు. రాస్తూంటే అవి ఒక పూట అన్నంకన్నా ఎక్కువే ఉన్నాయి. అంతా అయ్యాక ఆవిడ అడిగింది. "ఇంట్లో వడ్డించేదెవరు?"

"మా అప్ప."

"ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి."

ఆ వారమే అప్పలనర్సమ్మ వెళ్ళింది. మౌసుమీ ఆవిడతో అరగంట కూర్చుంది. బెంగాలీలోనే మాట్లాడుకున్నారు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన అప్పలనర్సమ్మకి ఆ భాష బాగానే వచ్చు. మౌసుమీ కిడ్నీ మాట ఎత్తలేదు. తండ్రి కాలు ఎప్పుడు తీసేశారు, ఎన్నో ఏట, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, అవన్నీ అడిగింది. తరవాత ఫణీంద్ర రక్తపరీక్ష కాగితం ముందు పెట్టి, షుగరు అంకె దగ్గర పెన్ను ఆనించి, "మీ నాన్నగారి దారి ఇదే దీదీ. మీ తమ్ముడు సగం దూరం వచ్చేశాడు. ఇక్కణ్ణుంచి వెనక్కి రావచ్చు" అంది.

అప్పలనర్సమ్మ ఆ కాగితం మడిచి మౌసుమీకి తిరిగిచ్చింది.

"నాకియ్యడానికయితే నాను సెయ్యను. ఆడి కోసమయితే సేస్తాను" అంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం. స్వాతి కొత్త పద్ధతిలో వండింది. కంచంలో సగం కూరలే. లాల్ సాగ్ అనే ఎర్ర తోటకూర, బీరకాయ పెసరపప్పు వేసి. చిక్కటి కందిపప్పు. రెండు రుయ్యి చేప ముక్కలు వేయించకుండా పులుసులోనే ఉడికించినవి. అన్నం ఒక చిన్న గిన్నెడు కొలిచి బోర్లించినట్టు పెట్టింది. ముందు కూరలు తినాలి, తరవాత అన్నం, నములుతూ, మెల్లగా. ఫణీంద్ర అలాగే తిన్నాడు. చివరి ముద్ద అయ్యాక తలెత్తి చూస్తే, అప్ప అన్నం హస్తం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఏళ్ళనాటి అలవాటు. చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఆమె హస్తాన్ని గిన్నెలో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల కొళాయి తిప్పిన చప్పుడయింది. నీళ్ళ చప్పుడు వెనక ఆమె ఏడుపు స్వాతికి వినిపించింది.

"ఆకలితో లేసినాడు. నా కళ్ళ ముందు ఆకలితో లేసినాడు" అంది అప్పలనర్సమ్మ.

"లేదొదినా. ఆయన్నే అడగండి" అంది స్వాతి.

అడిగితే ఫణీంద్ర నిజమే చెప్పాడు. "కొంచెం ఉందప్పా. ఇరవై నిమిషాలాగి సూస్తాను." ఇరవై నిమిషాల తరవాత ఆకలి లేదు. అతనికే ఆశ్చర్యం వేసింది.

అలా మొదలైంది. పొద్దున్న పూరీలకి బదులు చోడంబలి, అదే రాగి అంబలి, అందులో మజ్జిగ, ఉల్లిపాయ. చిన్నప్పుడు అమ్మ చేసేదని అప్ప గుర్తు చేసుకుని కాచింది. పదిగంటలకి ఉడికించిన శనగలు డబ్బాలో. టీలో పంచదార మొదట సగం చేసి, నెల తరవాత పూర్తిగా తీసేశాడు. రాత్రి ఏడున్నరకే భోజనం. స్వాతి నూనె డబ్బా మీద గీతలు గీసింది, ఏ వారానికి ఎక్కడిదాకా అని. వేపుళ్ళు ఆదివారం మాత్రం ఉన్నాయి. అసలు మానెయ్యమని మౌసుమీ ఎప్పుడూ చెప్పలేదు. "మానేసిన వాటి గురించే మనిషి ఆలోచిస్తాడు" అనేది.

అప్ప పథ్యం వేరు, అతని పథ్యం వేరు. ఆమెకి ఉప్పు ఉండకూడదు, కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యాలి. అయినా ఇద్దరూ ఒకే వేళకి ఎదురెదురుగా కూర్చునేవారు. అప్ప తన చప్పిడి కూర కేసి చూసి మూతి ముడిచేది గాని వదిలేది కాదు. ఆమె తింటుంటే అతనికి వంక పెట్టడానికి నోరొచ్చేది కాదు.

సుందర్ రాజు మొదటి వారం వెక్కిరించాడు. రెండో వారం అతని డబ్బాలోంచి గుప్పెడు శనగలు తీసుకున్నాడు. మూడో వారానికి వాళ్ళావిడ ఎవాంజలిన్ చేత తనకీ ఒక డబ్బా కట్టించుకొచ్చాడు. శనివారం శనివారం స్టోర్సులో ఇనుప సామాను తూచే కాటా మీద ఫణీంద్రని నిలబెట్టి, గోడ మీద సుద్దతో అంకె రాసేవాడు. జులైలో నూరు. ఆగస్టు చివరికి తొంభై ఆరు. పూజల ముందు తొంభై మూడు.

దుర్గా పూజలకి పథ్యం తప్పాడు. అష్టమి రోజు పందిరిలో లూచీ పూరీలు, ఆలూదమ్, పాయసం. కూర్చోబెట్టి పెడితే కాదనలేకపోయాడు. నవమి రోజు ఎవరూ కూర్చోబెట్టలేదు, తనే వెళ్ళాడు. దశమి నాడు మాంసం, మిఠాయిలు. ఆ శనివారం కాటా ఎక్కకుండా ఇంటికొచ్చేసి, అరుగు మీద కూర్చున్నాడు.

"నా వల్ల కాదు స్వాతీ. నాను ఇలాటోణ్ణే. అప్పకి ఏటి సెప్పాలో నువ్వే సెప్పు."

స్వాతి బట్టలు మడత పెడుతోంది. తలెత్తలేదు.

"మూడ్రోజులు తిన్నారు. నాలుగో రోజు తినకండి. అంతే కదా."

"అంతేనా?"

"ఇంకేటుంటాది? పదిహేనేళ్ళ నుంచి సెప్తన్నాను, ఒక్కరోజు ఇనలేదు మీరు. నాను మానేసినానేటి సెప్పడం?"

అతను భార్య కేసి చూశాడు. అవును, ఆమె మానలేదు. ఆ సాయంత్రం గిన్నెడన్నమే తిన్నాడు.

నవంబరులో తొంభై ఒకటి దగ్గర బండి ఆగిపోయింది. ఆరు వారాలు గోడ మీద అదే అంకె. మౌసుమీ ఫోన్లో, తిండి మార్చద్దు, నడక పెంచండి అంది. మోటర్‌సైకిలు స్వాతి తమ్ముడికిచ్చేసి పాత సైకిలు బాగుచేయించుకున్నాడు. డ్యూటీకి దాని మీదే. సాయంత్రం అప్పకి ఓపికున్న రోజున ఇద్దరూ కలిసి మైదానం దాకా నడిచేవారు. ఆమె నెమ్మదిగా వంద అడుగులు వేసి బల్ల మీద కూర్చుంటే, అతను చుట్టూ తిరిగేవాడు. ప్రతి చుట్టుకీ ఆమె వేలు మడిచేది. జనవరిలో అంకె మళ్ళీ కదిలింది. ఏప్రిల్ రెండో శనివారం కాటా ఎనభై నాలుగున్నర చూపించింది. సుందర్ రాజు సుద్దముక్క విసిరేసి, షాపంతా వినిపించేలా ఈల వేశాడు. బూట్ల లేసులు ఫణీంద్ర తనే కట్టుకోవడం మొదలుపెట్టి అప్పటికి చాలా రోజులయింది.

డాక్టర్లు మళ్ళీ అన్ని పరీక్షలూ చేశారు. షుగరు గడప దిగి వెనక్కి వెళ్ళింది. లివరు బాగుపడింది. "ఇప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు పెద్ద డాక్టరు.

అప్పలనర్సమ్మ ఒప్పుకోలేదు.

"నాను ముందే సెప్పినాను. ఈడి కోసం సేసినాను, నా కోసం కాదు. ఈడు బాగున్నాడు. నాకది సాలు."

వారం రోజులు ఎవరు చెప్పినా అదే మాట. మే నెలలో ఒక మధ్యాహ్నం డయాలసిస్ మధ్యలో ఆమె బీపీ పడిపోయింది. ఫణీంద్ర డ్యూటీలోంచి పరిగెత్తుకుని వెళ్ళేసరికి కళ్ళు తెరిచింది గాని మనిషిని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఇంటికి తెచ్చాక, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు అతను.

"అప్పా, ఒక మాటడుగుతాను. సిన్నప్పుడు నువ్వెట్టింది నాను ఎప్పుడైనా ఒద్దన్నానా?"

"లేదురా."

"కడుపు నిండిపోయినా తిన్నాను. నువ్వు సిన్నబోతావని తిన్నాను. ఇప్పుడు నానెట్టింది నువ్వు తీసుకో. ఒద్దనకు."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. "స్వాతిని పిలు" అంది.

ఫణీంద్ర బయటకి వెళ్ళాడు, స్వాతి వచ్చి మంచం మీద కూర్చుంది.

"నీ మొగుడు. నీ సంసారం. నువ్వు సెప్పు. నీ మనసులో ఏ మూలయినా ఒద్దని ఉంటే, అది నాకొక్కదానికే సెప్పు. ఆడికి నానే ఒద్దంటాను."

స్వాతి ఆమె చెయ్యి తీసుకుంది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన చెయ్యి.

"బయం ఉందొదినా. లేదని అబద్దమాడను. కానీ నాను కాపరానికొచ్చినప్పుడు నాకు అన్నం వార్చడం కూడా రాదు. కూర మాడిపోతే మీరు, నానే మాడ్సినానని మావయ్యతో సెప్పినారు. ఒక్కసారి కాదు. నాకు పని వచ్చేదాకా సెప్పినారు. తీసుకోండి."

ఇవ్వడానికి ఎవరూ బలవంతం చెయ్యలేదని ఆస్పత్రి కమిటీ ముందు చెప్పాల్సి వచ్చింది. ఎందుకిస్తున్నారని వాళ్ళడిగితే ఫణీంద్ర ఏదేదో సిద్ధం చేసుకున్నవన్నీ మరిచిపోయి, "మా అప్పండి" అన్నాడు. వాళ్ళు సంతకం పెట్టేశారు.

జూన్‌లో ఆపరేషన్ అయింది. పక్క పక్క థియేటర్లలో. అతనికి మెలకువొచ్చేసరికి కుడి పక్కన స్వాతి, ఎడమ పక్కన సుందర్ రాజు. తొలి బండికి వచ్చేశాడట. "పని సేస్తంది. లోపలెట్టగానే పనిలోకి దిగిపోయిందంట. రైల్వే కిడ్నీ కదా, డ్యూటీ ఎగ్గొట్టదు" అన్నాడు. నవ్వితే కుట్లు లాగాయి. అయినా ఫణీంద్ర నవ్వాడు.

నాలుగో రోజున అతన్ని చక్రాల కుర్చీలో అప్ప గది అద్దం దాకా తీసుకెళ్ళారు. లోపల నర్సు ఆమె చేతికి నీళ్ళ గ్లాసు ఇస్తోంది. ఆమె అలవాటుగా రెండు గుక్కలు తాగి తిరిగిచ్చేయబోయింది. నర్సు తీసుకోలేదు. "మొత్తం తాగు మాషీ. తాగి ఇంకోటి తాగు. ఇప్పుడు నీళ్ళు తాగకపోతేనే తిడతాం" అంది. అప్పలనర్సమ్మ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని చివరి చుక్క దాకా తాగింది. తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, అలా కూర్చుండిపోయింది. అద్దం ఇవతల ఫణీంద్ర కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోతే నొప్పి పెట్టింది. స్వాతి తుడిచింది.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. ఫణీంద్ర ఎనభై రెండు దగ్గర ఉన్నాడు. పూజలప్పుడు ఎనభై నాలుగు అవుతుంది, కార్తీకానికి మళ్ళీ దిగుతుంది. దానికి ఇప్పుడు గాభరా పడడు. సుందర్ రాజు కూడా పదకొండు కిలోలు తగ్గాడు. ఎవాంజలిన్ అయితే కలిసిన ప్రతిసారీ, మా ఆయన గురక ఆగిపోయింది, మీ పేరు చెప్పి నిద్రపోతున్నానని స్వాతికి చెబుతుంది. ఆరు నెలలకోసారి అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కోల్‌కతా వెళ్ళి పరీక్షలు చేయించుకొస్తారు. మొన్న డిసెంబరులో వెళ్ళినప్పుడు ఇద్దరి కాగితాలూ బాగున్నాయి. మౌసుమీకి స్వాతి చేసిన నువ్వుండలు ఇచ్చారు. ఆవిడ తింటూ, రోజుకి ఒకటే అని తనకి తనే చెప్పుకుని నవ్వింది.

తిరుగు బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. కోలాఘాట్ వంతెన దాటుతుంటే అప్పలనర్సమ్మ కింద రూప్‌నారాయణ్ నది కేసి చూస్తూ అంది.

"నీ రునం ఎలా తీర్సుకోవాలో తెలీటం లేదురా."

"నీ రోగం రాకపోతే నాను ఆ పరీక్షలు సేయించుకునేవోణ్ణి కాదప్పా. మూడు నాలుగేళ్ళలో షుగరొచ్చేదంట. నాన్నలాగే అయ్యేవోణ్ణి. డాక్టరుగారే సెప్పినారు ఈ రోజు. నానే నీకు రునపడిపోయినాను."

"ఓర్నీ! అయితే నా రోగానికి దండమెట్టమంటావేటి?"

"దండమెడతాను. తప్పేటి?"

ఆమె పకపకా నవ్వింది. ఎదురు సీట్లో బెంగాలీ ముసలాయన పేపరు దించి చూశాడు. ఆయనకి భాష అర్థం కాకపోయినా నవ్వాడు.

పాన్స్‌కురాలో జామకాయల గంప ఎక్కింది. అప్పలనర్సమ్మ ఒక్కొక్కటీ నొక్కి చూసి, గీచి గీచి బేరమాడి అరడజను తీసుకుంది. అమ్మే ఆవిడ కోసి ఉప్పూకారం చల్లబోతే ఆపింది. మందులు మింగే ఒళ్ళు, బయట కోసినవి తినకూడదు. ఇంటికెళ్ళి కడిగి, తొక్క తీసి తినాలి. మూట ఒళ్ళో పెట్టుకుని, మిగతా దారంతా ఆ జామకాయల వాసన పీల్చుకుంటూ కూర్చుంది.

ఖరగ్‌పూర్‌లో దిగి టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కారు. మధ్యాహ్నం రెండయింది. స్వాతి ఫోన్ చేసింది, ఎక్కడిదాకా వచ్చారు, అన్నం పెట్టేయనా అని.

"వచ్చేసినాం. వేడిగా ఉంచు" అన్నాడు ఫణీంద్ర. తరవాత ఫోన్ పెట్టెయ్యకుండా, "స్వాతీ" అన్నాడు.

"ఏటండీ?"

"ఏం లేదు. రిపోర్టులు బాగున్నాయి. నీ వల్లే."

అవతల కుక్కరు కూత వినిపించింది. "రాండి ముందు" అంది స్వాతి.